సర్దుకోవలసింది ఎవరు?

మన ఆడవాళ్ళకి ఊహ తెలిసినప్పటినుంచీ వినపడే మాట ఒకటుంది. "సర్దుకుపో అమ్మాయీ!" అని. పుట్టింట్లో అన్నదమ్ములతో సర్దుకోవాలి. అత్తింట్లో అందరితోనూ సర్దుకోవాలి. రైల్లో సీటు దొరికినా, పక్కావిడ పిల్లాడితో వస్తే సర్దుకోవాలి. ఇన్నేళ్ళూ సర్దుకుని సర్దుకుని, ఈ విద్యలో మనకి తెలియనిది లేదనే అనుకున్నాను. కానీ "సర్దుబాటు" అనే మాటకి ఇంకో అర్థం ఉందనీ, దాని వెనకాల వందల ఏళ్ళ చరిత్ర ఉందనీ నాకు తెలిసింది మా ఎదురింటి కుర్రాడి వల్ల.

అబ్బాయి ఐ.టి.ఐ.లో ఫిట్టరు కోర్సు చేసి, ఓ ఫ్యాక్టరీలో అప్రెంటిసుగా చేరాడు. బుద్ధిమంతుడు, చేతిలో పనితనం ఉన్నవాడు. మా ఇంట్లో తలుపు గడియ బిగుసుకుపోతే ఆకురాయి పట్టుకొచ్చి, అయిదు నిమిషాల్లో వెన్నలా జారేటట్టు చేసి వెళ్ళాడోసారి. అలాంటివాడు శిక్షణ పూర్తయ్యాక జరిగే ఆఖరి పరీక్షలో తప్పాడని తెలిసి ఆశ్చర్యపోయాను. వాళ్ళమ్మ గోంగూర పచ్చడి గిన్నెతో వచ్చి, గిన్నె బల్లమీద పెట్టి, "వదినగారూ, తప్పు నాదేనండీ" అని కళ్ళొత్తుకుంది.

విషయమేమిటంటే, ఆ అబ్బాయికి చిన్నప్పుడు జ్వరమొచ్చి వినికిడి బాగా తగ్గింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవుల కదలిక చూసి ఇట్టే పోల్చుకుంటాడు. ఎన్నేళ్ళుగానో ఎదురింట్లో ఉంటున్న నాకే సరిగ్గా తెలియలేదంటే చూడండి! "ఎవరికీ చెప్పకురా, తెలిస్తే ఉద్యోగం ఇవ్వరు" అని తల్లే నేర్పింది. పరీక్షనాడు వాడు చేసిన జాబ్ వంక పెట్టడానికి లేనట్టు వచ్చిందట. ఇనప ముక్కలు రెండూ ఒకదాంట్లో ఒకటి అమిరితే మధ్య వెలుతురు కూడా దూరలేదట. ఆ తర్వాత నోటి ప్రశ్నలు. పరీక్షకుడు అటు తిరిగి కాగితాలు చూసుకుంటూ అడిగాడు. పక్కనే యంత్రాల హోరు. వీడికి వినపడినంతలో ఏదో ఊహించి చెప్పాడు. అడిగింది ఒకటి, చెప్పింది ఒకటి. "పని బాగానే చేశావుగానీ, సబ్జెక్టు తెలియదు నీకు" అని ఆయన సున్నాలు చుట్టాడు. ఆయన తప్పు మాత్రం ఏముంది? ఆయనకి చెప్పినవాళ్ళు లేరు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి మావారితో అన్నాను. ఆయన గోంగూర కలుపుకుంటూ, "పాపం నిజమే గానీ, పరీక్షంటే అందరికీ ఒకటే ఉండాలి కదోయ్! ఒకడికో రకం, ఇంకొకడికో రకం అంటే న్యాయం ఎక్కడుంటుంది?" అన్నారు. వినడానికి సబబుగానే ఉంది. కానీ నాకెందుకో మింగుడు పడలేదు. మా అబ్బాయి తెచ్చిపెట్టిన పుస్తకాలూ, కంప్యూటర్లో చూపించిన చట్టాలూ ముందేసుకుని నాలుగు మధ్యాహ్నాలు కూచున్నాను. ఆ కథే ఇది.

పనివాడికి పరీక్ష పెట్టడం ఈనాటి ముచ్చట కాదు. మధ్యయుగాల యూరప్‌లో వడ్రంగులకీ, కంసాలులకీ, చర్మకారులకీ, రాతిపనివాళ్ళకీ వృత్తిసంఘాలు ఉండేవి. కుర్రాడు ఓ గురువు ఇంట్లో చేరి, ఆయన పెట్టింది తిని, చెప్పిన పని చేసి, ఏళ్ళ తరబడి శిష్యరికం చేసేవాడు. తర్వాత కొన్నాళ్ళు కూలికి పనిచేసేవాడు. చివరికి తన చేత్తో ఓ వస్తువు తయారుచేసి సంఘం పెద్దల ముందు పెట్టేవాడు. అది వాళ్ళకి నచ్చితే గురువు హోదా వచ్చేది. గొప్ప పుస్తకాన్నో, సినిమానో ఇప్పుడు మనం "మాస్టర్ పీస్" అంటామే, ఆ మాట పుట్టింది అక్కడే. అంటే అది మొట్టమొదట పరీక్ష పేపరన్నమాట!

మరి ఆ తలుపు అందరికీ తెరిచి ఉండేదా? లేదు. ఇంగ్లండులో రాతిపనివాళ్ళ కట్టుబాట్లని పద్యాల్లో రాసిపెట్టిన ఓ పాత రాతప్రతి ఉంది. రేజియస్ ప్రతి అంటారు. పద్నాలుగో శతాబ్దం చివర్లోనో, పదిహేనో శతాబ్దం మొదట్లోనో రాసినది. అందులో శిష్యుణ్ణి చేర్చుకునే నియమం ఒకటుంది. కాళ్ళూ చేతులూ అన్నీ సక్రమంగా ఉన్నవాణ్ణే చేర్చుకోవాలిట. అవిటివాణ్ణి చేర్చుకుంటే వృత్తికే అప్రతిష్ఠట. పెద్దపెద్ద రాళ్ళెత్తే పనిలో ఆ భయానికి కొంత అర్థముంది అనుకుందాం. కానీ కుంటివాడు కూచుని శిల్పం చెక్కలేడా? ఆ ప్రశ్న ఎవరూ వేసుకోలేదు. పరీక్షలో తప్పడం దాకా కూడా రానివ్వలేదు. గుమ్మం దగ్గరే ఆపేశారు.

ఇంగ్లండులో 1563లో మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో ఓ చట్టం వచ్చింది. ఏ వృత్తి చెయ్యాలన్నా కనీసం ఏడేళ్ళు శిష్యరికం చేసి తీరాలని దాని సారాంశం. రెండున్నర శతాబ్దాలు అది నడిచింది. 1814లో ఆ నిబంధన ఎత్తేశారు. ఈ రెండు తేదీల మధ్య శిష్యరికం చేసిన ఒక కుర్రాడి కథ నాకు బాగా పట్టుకుంది.

అతని పేరు ఎడ్వర్డ్ రష్టన్. 1756లో లివర్‌పూల్‌లో పుట్టాడు. చిన్నతనంలోనే ఓడల కంపెనీలో అప్రెంటిసుగా చేరాడు. ఆ రోజుల్లో లివర్‌పూల్ ఓడల్లో ఆఫ్రికానుంచి మనుషుల్ని గొలుసులతో కట్టి తీసుకుపోయేవి ఎన్నో ఉండేవి. అలాంటి ఓడలో ఓసారి బందీలకి కళ్ళజబ్బు అంటుకుంది. సిబ్బంది దగ్గరికి పోవడానికే జంకితే, ఈ కుర్రాడు వాళ్ళకి తిండీ నీళ్ళూ ఇచ్చి సాయం చేశాడు. ఆ జబ్బు తనకీ అంటుకుని చూపు పోయింది. ఇరవై ఏళ్ళు కూడా నిండలేదప్పటికి. మరొకడైతే తలరాత అని మూల కూచునేవాడు. రష్టన్ బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా రాశాడు, కవిత్వం చెప్పాడు. అంతేకాదు, 1791లో లివర్‌పూల్‌లో అంధుల కోసం ఓ పాఠశాల పెట్టడానికి ముఖ్యకారకుడయ్యాడు. అక్కడ సంగీతమూ, బుట్టలల్లడం లాంటి చేతిపనులూ నేర్పేవారు. ధర్మం చెయ్యడం కంటే పని నేర్పడం మేలు. నడుమ్మీద చెయ్యి వేసి మెట్లెక్కించడం వేరు, మెట్ల పక్కన పట్టుకోవడానికి కమ్మీ బిగించడం వేరు కదండీ!

ఇంకో కుర్రాడు పారిస్ దగ్గర కూవ్రే అనే ఊళ్ళో పుట్టాడు, 1809లో. తండ్రి గుర్రాల జీనులూ పట్టాలూ కుట్టేవాడు. మూడేళ్ళప్పుడు నాన్న కార్ఖానాలో ఆడుకుంటూ తోలుకి కన్నాలు పొడిచే పనిముట్టు కంట్లో గుచ్చుకున్నాడు. ఆ పుండు రెండో కంటికీ పాకి పూర్తిగా చూపు పోయింది. నాన్న వృత్తిలోకి దిగవలసిన పిల్లాడు పదేళ్ళప్పుడు పారిస్‌లోని అంధుల బడిలో చేరాడు. పదిహేనేళ్ళ వయసుకల్లా ఆరు చుక్కలతో అక్షరమాల అల్లేశాడు. లూయీ బ్రెయిల్ అంటే మీకు తెలియనిదేముంది! మనం గమనించవలసింది ఏమిటంటే, బ్రెయిల్ చదువుని తేలిక చెయ్యలేదు. చదువు అదే, లెక్కలు అవే, వ్యాకరణం అదే. కంటితో చదివేదాన్ని వేలితో చదివేటట్టు చేశాడు, అంతే. ఈ చిన్న సర్దుబాటుని కూడా ఆ బడి పెద్దలే ఓ దశలో వద్దన్నారు. ఆయన 1852లో పోయాడు. ఫ్రాన్సు దాన్ని అధికారికంగా ఒప్పుకున్నది 1854లో. మన లోకం తీరే అంత.

వినికిడి లేనివాళ్ళ సంగతి మరీ అన్యాయం. 1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో బధిరుల ఉపాధ్యాయుల మహాసభ జరిగింది. సైగల భాష పనికిరాదు, నోటి మాటతోనే బోధించాలి అని అక్కడ తీర్మానించారు. తీర్మానించినవాళ్ళలో దాదాపు అందరూ చక్కగా వినపడేవాళ్ళే! దాంతో దేశదేశాల బడుల్లో సైగలు మానిపించారు. ఎదుటివాడి పెదవులు చూసి అర్థం చేసుకోవడం, రాని గొంతుతో పలకడం, ఈ భారమంతా పిల్లల మీదే పడింది. "సర్దుకుపో అమ్మాయీ" అన్నమాటే ఇది కూడా. ఆ తీర్మానాలు తప్పని అలాంటి మహాసభే కెనడాలోని వాంకూవర్‌లో ఒప్పుకున్నది 2010లో. నూట ముప్ఫై ఏళ్ళు పట్టింది ఆ ఒక్క మాట అనడానికి.

ఇక యుద్ధాలొచ్చాయి. చేతులూ కాళ్ళూ కళ్ళూ పోగొట్టుకుని వేలమంది కుర్రాళ్ళు ఇళ్ళకి తిరిగొచ్చారు. దేశం కోసం పోరాడినవాణ్ణి గుమ్మం దగ్గర ఆపెయ్యడం ఎవరికీ మనసొప్పలేదు. బ్రిటన్‌లో 1944లో వికలాంగుల ఉద్యోగాల చట్టం చేశారు. ఇరవై మందికి పైబడి పనిచేసే సంస్థలు నూటికి మూడు ఉద్యోగాలు వాళ్ళకివ్వాలన్నారు. మంచిదే. కానీ అందులో ఓ తమాషా ఉంది. ప్రత్యేకంగా వాళ్ళకోసమే కేటాయించిన పనులు రెండంటే రెండు. లిఫ్టు నడిపే పని ఒకటి, కార్లు నిలిపేచోట కాపలా ఇంకొకటి. అంటే, "నీకు ఓ చోటిస్తాం, ఆ మూల కూచో" అన్నట్టుగా. చోటిచ్చారేగానీ, ఏ పనైనా నేర్చుకుని అందరితోపాటు పరీక్షకి నిలబడతానంటే ఏం చెయ్యాలో ఆ చట్టం చెప్పలేదు.

అది చెప్పే మాట ఎక్కడ పుట్టిందో తెలుసా? చిత్రంగా, దేవుడి దగ్గర! అమెరికాలో కొందరికి శనివారం పవిత్రదినం. ఆ రోజు పనిచెయ్యరు. యజమానేమో రమ్మంటాడు, రాకపోతే పొమ్మంటాడు. ఈ తగువు తీర్చడానికి 1972లో పౌరహక్కుల చట్టాన్ని సవరించారు. వ్యాపారానికి మరీ కష్టం కలగనంతవరకు యజమాని ఉద్యోగి మతాచారానికి తగినట్టు సహేతుకంగా సర్దుబాటు చెయ్యాలన్నారు. అక్కడ తిరగబడింది కథ! సర్దుకోవలసిన బాధ్యత బలం ఉన్నవాడి మీద పడింది. మరుసటేడు, 1973లో, ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ సంస్థా వికలాంగుల పట్ల వివక్ష చూపకూడదని ఇంకో చట్టం చేశారు. చేశారేగానీ అమలు చేసే నిబంధనలు రాయకుండా నాలుగేళ్ళు నాన్చారు. 1977 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చక్రాల కుర్చీల్లోవాళ్ళూ, చూపులేనివాళ్ళూ, వినికిడి లేనివాళ్ళూ ప్రభుత్వ కార్యాలయంలోకి వెళ్ళి కూచున్నారు. మూడు వారాలు దాటినా కదల్లేదు. వాళ్ళ నాయకుల్లో ముఖ్యురాలు జూడిత్ హ్యూమన్ అనే ఆవిడ. చిన్నప్పుడు పోలియో వచ్చింది ఆవిడకి. చక్రాల కుర్చీతో వస్తే మంటలంటుకున్నప్పుడు అడ్డమని బళ్ళో చేర్చుకోలేదట మొదట్లో. ఆ నెలాఖరుకి, ఏప్రిల్ 28న, నిబంధనల మీద సంతకం పడింది. శనివారం సెలవు కోసం పుట్టిన సర్దుబాటు మాటని ఆ నిబంధనల్లో వికలాంగులకీ వర్తింపజేశారు.

ఆ మాట సముద్రం దాటి బ్రిటన్‌కి 1995లో చేరింది. వైకల్య వివక్ష చట్టంలో "సహేతుకమైన సర్దుబాట్లు" యజమాని విధి అన్నారు. 2004 అక్టోబరు నుంచి వృత్తి యోగ్యతా పత్రాలిచ్చే సంస్థలకీ ఆ విధి వర్తించింది. అంటే పరీక్ష పెట్టేవాడు కూడా సర్దుకోవాలన్నమాట. 2010లో వచ్చిన సమానత్వ చట్టం వీటన్నిటినీ ఒకచోట చేర్చింది. ఆ సర్దుబాటుకయ్యే ఖర్చు అభ్యర్థి దగ్గర వసూలు చెయ్యకూడదని కూడా చెప్పింది.

ఇక్కడే మావారి ప్రశ్నకి సమాధానం దొరికింది నాకు. ఆ చట్టంలో రెండు సంగతుల్ని వేరు చేశారు. ఒకటి, పనికి కావలసిన నైపుణ్యం. అది ఎవరికోసమూ తగ్గించనక్కరలేదు. రెండోది, ఆ నైపుణ్యం ఉందో లేదో చూసే పద్ధతి. దాన్ని మనిషికి తగినట్టు మార్చాలి. ఎలక్ట్రీషియన్ షాక్ కొట్టకుండా వైరింగు చెయ్యవలసిందే. అందులో రాజీ లేదు. కానీ ప్రశ్నపత్రం పెద్ద అక్షరాల్లో ఇస్తే కరెంటుకేం నష్టం? నిమిషానికి ఇన్ని మాటలు టైపు చెయ్యగలరా అన్నదే పరీక్ష అయితే అదనపు సమయం ఇవ్వడం కుదరదు, వేగమే అక్కడ విద్య కనక. అదే రోగి దగ్గర ఎలా మెలగాలో వ్యాసం రాయమంటే మాత్రం, మెల్లిగా రాసేవాడికి ఇంకో అరగంట ఇవ్వచ్చు. అక్కడ పరీక్షిస్తున్నది చేతివేగాన్ని కాదుగా.

మావారికి ఇదంతా చట్టం భాషలో చెబితే చెవికెక్కదని నాకు తెలుసు. అందుకని ఇలా అడిగాను. "మీ నాన్నగారికి పళ్ళూడిపోయాక అప్పడాలు మానేశారా?" అని. "లేదే, అమ్మ నలిపి నెయ్యేసి కలిపి పెట్టేదిగా" అన్నారు. "మరి ఆయన తిన్నది అప్పడం కాదా? పప్పు తక్కువైందా, మిరియాలు తక్కువయ్యాయా?" అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు. ముక్క విరగ్గొట్టుకుని కరకరలాడిస్తూ లేచిపోయారు.

బ్రిటన్‌లో అప్రెంటిసుల చదువుకి 2012లో డగ్ రిచర్డ్ అనే ఆయన ఓ నివేదిక రాశాడు. శిక్షణ పొడుగునా చిన్నచిన్న పరీక్షలు పెట్టేకంటే, చివర్లో ఒకే ఒక్క గట్టి పరీక్ష, అదీ శిక్షణ ఇచ్చినవాళ్ళు కాకుండా బయటివాళ్ళు పెట్టాలని సలహా ఇచ్చాడు. దాని ప్రకారం ముగింపు పరీక్షలు వచ్చాయి. పని చేసి చూపించడం, రాతపరీక్ష, పరీక్షకుడితో వృత్తి గురించి సంభాషణ, ఇలా వృత్తిని బట్టి రకరకాలుగా ఉండేవి. గమనించారా? మధ్యయుగాల సంఘం పెద్దల ముందు నిలబడ్డ శిష్యుడే మళ్ళీ కనిపిస్తున్నాడు! కాకపోతే ఈసారి గుమ్మం దగ్గర నియమం మారింది. అదనపు సమయం, మధ్యమధ్య విరామం, ప్రశ్నలు చదివిపెట్టే మనిషి, జవాబులు రాసిపెట్టే మనిషి, సైగల భాషలో చెప్పే దుబాసీ, రంగు కాగితం మీద అచ్చు, సందడి లేని వేరే గది, నోటి ప్రశ్నలు రాతలో ముందుంచడం, ఇలాంటివన్నీ అడగవచ్చు. ఒక్కటే షరతు. ముందుగా చెప్పాలి. పరీక్ష అయిపోయాక చెబితే ఏం లాభం?

2016లో మరో అడుగు పడింది. పనంతా వచ్చినా, నేర్చుకోవడంలో ఇబ్బంది వల్ల ఇంగ్లీషు, లెక్కల పరీక్షలు గట్టెక్కలేక ఆగిపోతున్నవాళ్ళ గురించి పాల్ మేనార్డ్ అనే పార్లమెంటు సభ్యుడి ఆధ్వర్యంలో ఓ బృందం పరిశీలించింది. ఆయనకి పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. అలాంటివాళ్ళకి ఆ రెండు పరీక్షల స్థాయి కొంత తగ్గించవచ్చని ఆ బృందం చెప్పింది. ప్రభుత్వం ఒప్పుకుంది. పూలు అమర్చే పనిలో ఆరితేరిన పిల్లకి లెక్కల్లో భిన్నాలు రాకపోతే దండ వాడిపోతుందా చెప్పండి!

ఇక మన సంగతి. మనకి అప్రెంటిసుల చట్టం 1961లోనే వచ్చింది. వికలాంగుల చట్టం 1995లో, సరిగ్గా బ్రిటన్ చట్టం వచ్చిన సంవత్సరమే వచ్చింది. 2006లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక చేస్తే, మనదేశం 2007 అక్టోబరు 1న ఆమోదించింది. బ్రిటన్ కంటే ముందు! 2013 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం రాతపరీక్షలకి మార్గదర్శకాలు ఇచ్చింది. అవసరమైనవాళ్ళకి గంటకి ఇరవై నిమిషాలకి తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని, రాసిపెట్టే సహాయకుణ్ణి అనుమతించాలని అందులో ఉంది. 2016 చట్టం వైకల్యాల జాబితాని ఏడునుంచి ఇరవై ఒకటికి పెంచింది. సహేతుకమైన సర్దుబాటు అంటే ఏమిటో నిర్వచించింది. పరీక్షా విధానంలో తగిన మార్పులు చెయ్యాలన్నది కూడా ఆ చట్టంలోనే ఉంది.

కాగితం మీద ఉన్నది చేతికి రావాలంటే ఎవరో ఒకరు అడగాలి. మన కృష్ణాజిల్లాలో సీతారామపురం కుర్రాడు శ్రీకాంత్ బొల్లా సంగతి మీరు వినే ఉంటారు. పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి మంచి మార్కులతో ప్యాసై, ఇంటర్‌లో సైన్సు చదువుతానంటే కుదరదన్నారు. బొమ్మలూ గ్రాఫులూ ఎలా చూస్తావన్నారు. న్యాయస్థానం దాకా వెళ్ళి అనుమతి తెచ్చుకున్నాడు. పాఠాలు టేపుల్లో రికార్డు చేయించుకుని విని చదివాడు. నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకున్నాడు. 2009లో అమెరికాలో ఎం.ఐ.టి.లో చేరాడు. తిరిగొచ్చి పరిశ్రమ పెట్టి, వికలాంగులకి ఉపాధి ఇచ్చాడు. పాఠం మారలేదు, ప్రశ్న మారలేదు. వినే తోవ ఒకటి దొరికింది, అంతే.

మరోటి 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు. వైద్యం చదివిన ఓ యువకుడికి రాస్తుంటే చెయ్యి కొంకర్లు పోయే జబ్బు. సివిల్ సర్వీసు పరీక్షకి రాసిపెట్టేవాణ్ణి ఇవ్వమంటే, నీకు నూటికి నలభై వంతుల వైకల్యం లేదు కనక కుదరదన్నారు. చట్టం చెప్పే సర్దుబాటు నలభై వంతులు ఉన్నవాళ్ళకే పరిమితం కాదనీ, ఎవరికి ఏ అడ్డంకి ఉందో చూసి దాన్ని తొలగించడమే సమానత్వమనీ కోర్టు తేల్చింది. దరిమిలా 2022 ఆగస్టులో అలాంటివాళ్ళ కోసం కూడా మార్గదర్శకాలు వచ్చాయి.

ఇదంతా చదివాక ఎదురింటావిణ్ణి పిలిచాను. కుర్రాణ్ణి కూడా రమ్మన్నాను. "ఈసారి పరీక్షకి ముందే అర్జీ పెట్టు నాయనా" అన్నాను. వాడు వాళ్ళమ్మ వంక చూశాడు. ఆవిడ నేల చూపులు చూస్తూ, "తెలిసిపోతే రేపు ఉద్యోగం ఎవరిస్తారు వదినగారూ? వాడికి పెళ్ళి కావద్దూ?" అంది. నేను ఒక్క క్షణం ఏం చెప్పలేకపోయాను. ఆవిడ భయం అబద్ధం కాదు. చట్టాలెన్ని ఉన్నా లోకం నోరు మూయించలేవు. మన ఇళ్ళల్లో ఆడపిల్లకి మూర్ఛ వస్తే దాస్తాం, మగపిల్లాడికి చెవుడుంటే దాస్తాం. ప్రేమతోనే దాస్తాం. కానీ దాచిన లోపానికి సర్దుబాటు ఎవరు చేస్తారు? వైద్యుడికి చెప్పని నొప్పికి మందుంటుందా?

అప్పుడు వాడే అన్నాడు, "అత్తయ్యగారూ, దాచి దాచి నేను అలిసిపోయానండీ" అని. వాడి గొంతులో కోపం లేదు. "ఎవరేమన్నా నవ్వి తలూపడమే నా పనైపోయింది. జోకు అనుకుని నవ్వితే అది తిట్టని తర్వాత తెలుస్తుంది" అన్నాడు. వాళ్ళమ్మ చప్పున తల ఎత్తి కొడుకు మొహంలోకి చూసింది. ఇరవై ఏళ్ళు పెంచినా, ఆ మాట ఆవిడ వినలేదు అంతకుముందు.

మా భోజనాల బల్ల దగ్గరే కూచుని రాశాడు అర్జీ. డాక్టరు ఇచ్చిన కాగితం జతచేశాడు. అడిగినవి మూడే. నోటి ప్రశ్నలు కాగితం మీద రాసి ఇవ్వమని, లేదా ఎదురుగా నిలబడి అడగమని, అది యంత్రాల హోరు లేనిచోట జరిపించమని. ప్రశ్న సులువు చెయ్యమని గానీ, మార్కు కలపమని గానీ ఎక్కడా లేదు. మావారు కళ్ళజోడు సవరించుకుని చదివి, "దీనికి పైసా ఖర్చు లేదే!" అన్నారు ఆశ్చర్యంగా. అవును మరి. చాలా సర్దుబాట్లకి ఖర్చుండదు. ఓ కాగితం, ఓ పెన్సిలు, మెడ కాస్త ఇటు తిప్పడం.

మళ్ళీ పరీక్ష జరిగింది. పరీక్షకుడు వేరే ఆయన. అర్జీ చదువుకుని, కుర్రాణ్ణి ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళి, ఎదురుగా కుర్చీ వేయించి, ఒక్కో ప్రశ్నా రాసి చూపించాడట. ఓ ప్రశ్నకి వీడు తప్పు చెప్పాడు. ఆయన తప్పనే వేశాడు. అది నాకు మరీ నచ్చింది. జాలిపడి వదిలెయ్యలేదు చూశారా! మిగిలినవన్నీ సరిగ్గా చెప్పాడు. ప్యాసయ్యాడు.

మొన్న శనివారం వాళ్ళింటికి వెళ్ళాను, గోంగూర గిన్నె తిరిగివ్వడానికి. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని కాస్త చలిమిడి పెట్టుకెళ్ళాను. ఇదివరకు ఆవిడ వంటింట్లోంచే "ఒరేయ్, ఒరేయ్" అని కేకలేసేది. వాడు పలక్కపోతే "బండవెధవ" అని విసుక్కునేది. ఆ రోజు పొయ్యి మీద పోపు మాడుతున్నా సరే, మంట తగ్గించి, గరిటె కింద పెట్టి, ముందుగదిలోకొచ్చి, కొడుకు ఎదురుగా నిలబడి, "అత్తయ్యగారొచ్చారు, కుర్చీ వెయ్యి నాన్నా" అంది.

అంతే చేసింది. వాడు వెంటనే లేచి కుర్చీ వేశాడు.